కట్టెల పొయ్యి: విస్తరణ శాస్త్రం మరచిన పనిముట్టు

విత్తనశుద్ధి మొదలుకొని మార్కెట్ యార్డులో తేమ శాతం వరకు పంటకు సంబంధించిన ప్రతి దశకూ వ్యవసాయ విశ్వవిద్యాలయాల వద్ద సిఫారసులు ఉన్నాయి. పంట ముగిసిన తరువాత దాని కట్టె, పొరక, బెండ్లు ఏ పొయ్యిలోకి చేరుతున్నాయి, ఆ పొయ్యి ముందు ఎవరు కూర్చుంటున్నారు, ఆ నిప్పును వారు ఏ విధంగా నడుపుతున్నారు అన్న ప్రశ్నలకు మాత్రం ఈ సిఫారసులలో దక్కిన చోటు బహు స్వల్పం. నాగలి, స్ప్రేయర్, నూర్పిడి యంత్రం వ్యవసాయ పనిముట్లుగా గుర్తింపు పొందాయి. రైతు కుటుంబం సంవత్సరంలో అత్యధిక దినాలు వాడే కట్టెల పొయ్యికి ఆ గుర్తింపు లేదు. దానిని వంటింటి వస్తువుగా భావించి పక్కన పెట్టడం విస్తరణ రంగంలో చాలాకాలంగా కొనసాగుతున్న లోపం.

2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్ జిల్లా నుండి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలను ఈ దృష్టితో పరిశీలించవచ్చు. మూడింటిలోనూ పత్తి, వరి ఉన్నప్పటికీ పొయ్యిలోకి వెళ్లే ఇంధనం ఒకటి కాదు. మెట్ట ప్రాంతమైన జనగామలో పత్తికట్టె, కందికట్టె, చెరువు శిఖాల్లో పెరిగిన సర్కారు తుమ్మ ప్రధానం. మహబూబాబాద్‌లో వీటికి మక్క బెండ్లు, మిరప కట్టె, ఎండిన పసుపు ఆకు తోడవుతాయి. గోదావరి వైపు అడవి విస్తరించిన భూపాలపల్లిలో, ముఖ్యంగా గిరిజన గూడేలలో, అడవి నుండి మోసుకువచ్చే వంటచెరకు నేటికీ నిత్యావసరం. ఇంధనం మారితే మంట స్వభావం మారుతుంది. మంట స్వభావం మారితే ప్రమాదం స్వభావమూ మారుతుంది. పంటల సరళిని మండలాల వారీగా అధ్యయనం చేసే శాస్త్రవేత్తలకు ఇది కొత్తగా చెప్పవలసిన తర్కం కాదు.

వంటగ్యాసు రాకతో కట్టెల పొయ్యి అంతరించిందన్న అభిప్రాయం నగరంలో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆరంభమైన దీపం పథకం, 2016లో దేశవ్యాప్తంగా వచ్చిన ఉజ్జ్వల పథకం గ్రామీణ మహిళకు నిజమైన మేలు చేశాయనడంలో సందేహం లేదు. అయితే గ్యాసు వచ్చిన ఇంట్లో కట్టెల పొయ్యి ఆరిపోలేదు, వంటగది నుండి వసారాలోకో, పెరటిలోకో జరిగింది. చాయ, కూర గ్యాసు మీద అవుతాయి. స్నానానికి నీళ్లు, పశువులకు దాణా, పదిమంది కూలీలకు అన్నం, పండుగ పిండివంటలు కట్టెల మీద అవుతాయి. సిలిండరు ఖాళీ అయి చేతిలో డబ్బు లేని వారంలో వంట మొత్తం మళ్లీ కట్టెల మీదికి వస్తుంది. జనగణనలోనూ, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ అడిగేది ప్రధానంగా వాడే ఇంధనం గురించి మాత్రమే. ఆ ప్రశ్నకు ‘గ్యాసు’ అన్న జవాబు నిజమే. కానీ పెరటిలోని రెండవ పొయ్యి ఆ లెక్కలోకి రాదు.

ఈ ప్రాంతానికి సంబంధించి ఒక ముఖ్యమైన అధ్యయనం ఉంది. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన కిర్క్ స్మిత్, వారి సహచరులు ఉమ్మడి రాష్ట్రంలోని వరంగల్, నిజామాబాద్, రంగారెడ్డి జిల్లాల గ్రామీణ గృహాలలో ఊపిరితిత్తుల లోతుకు చేరగల ధూళి కణాలను కొలిచి, ఫలితాలను 2004లో ప్రచురించారు. 24 గంటల సగటు గాఢత గ్యాసు వాడే ఇళ్లలో ఘనపు మీటరు గాలికి 73 మైక్రోగ్రాముల వద్ద ఉండగా, ఘన ఇంధనాలు వాడే ఇళ్లలో 732 వరకు చేరింది. అంటే పది రెట్లు. వంట చేసే స్త్రీలు, అందులోనూ 15 నుంచి 40 సంవత్సరాల వయసు వారు అత్యధికంగా పొగ పీల్చుతున్నట్లు తేలింది. ఇది ఊహించదగినదే. పురుషులలో అత్యధిక పొగకు గురవుతున్నది 65 నుంచి 80 ఏళ్ల వృద్ధులన్న విషయం మాత్రం ఆలోచింపజేస్తుంది. వారు వంట చేయరు, పొయ్యి దగ్గరికి పోరు. పొలం పనికి వెళ్లలేక ఇంట్లో మంచం మీద ఉండటమే కారణం. వంటగది ఎక్కడ ఉంది, ఇంటి మిగతా భాగంతో ఏ విధంగా కలిసి ఉంది అన్నదానిని బట్టి అంకెలు మారాయని కూడా అధ్యయనం చూపింది. నేటి మూడు జిల్లాలూ చాలావరకు అప్పటి వరంగల్‌లోని భాగాలే కాబట్టి స్థానిక ఆధారం లేదన్న సాకు ఇక్కడి విస్తరణ శాస్త్రవేత్తలకు చెల్లదు.

పొగలేని పొయ్యి ఆలోచన హైదరాబాదుకు కొత్త కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితో కట్టుకోగలిగిన, పొగగొట్టం గల పొయ్యిని రూపొందించి, 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అన్న పుస్తకాన్ని వెలువరించారు. స్వాతంత్ర్యం వచ్చిన ఆరేళ్లకే లక్షలాది వంటిళ్లను దృష్టిలో పెట్టుకొని చేసిన ఆ కృషి నేటి విద్యార్థులలో ఎందరికి తెలుసునన్నది వేరే ప్రశ్న. తరువాత 1983లో జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం మొదలైంది. 2002లో ముగిసేనాటికి దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టినట్లు లెక్క తేలింది. వాటిలో ఎన్ని నిలిచాయి? గొట్టం మసితో పూడుకుపోయినవి, పెద్ద కట్టె పట్టడానికి పొయ్యి నోరు పగలగొట్టినవి, ఇల్లు అలికేటప్పుడు గాలి రంధ్రం మూసుకుపోయినవి పాత వంటిళ్లలో ఎన్నో కనిపించేవి. ఒడిశాలో ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రెమా హన్నా నాలుగేళ్ల పాటు సాగించిన పరిశీలన ఇదే విషయాన్ని నిరూపించింది. పొగగొట్టం గల పొయ్యి ఇచ్చిన మొదటి సంవత్సరంలో వంట చేసే వారికి చేరే పొగ తగ్గింది. ఆ తరువాత ఆ ప్రయోజనం మిగలలేదు, ఎందుకంటే కుటుంబాలు ఆ పొయ్యిలను క్రమంగా వాడలేదు, మరమ్మతు చేసుకోలేదు.

ఇందులో గ్రామస్థుల తప్పును వెతకడం అన్యాయం. పొయ్యిని ఒక వస్తువుగా పంచి, లెక్క రాసుకొని వెళ్లిపోయారు. దానిని నడపడం, శుభ్రం చేయడం, దానికి తగిన ఇంధనం సిద్ధం చేయడం నేర్పే పని ఎవరి బాధ్యతగానూ ఉండలేదు. డ్రిప్ పరికరాలు అమర్చి ఫిల్టర్ కడగడం నేర్పకపోతే ఏమవుతుందో వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎరుగుదురు. భద్రత పరికరంలో కొంత ఉంటే నిర్వహణలో అంతకంటే ఎక్కువ ఉంటుంది. నిర్వహణ నేర్పడం విస్తరణ శాస్త్రం పని.

నిర్వహణలో మొదటి అంశం కట్టెలోని తేమ. రైతుకు తేమ అంటే ఏమిటో చెప్పవలసిన అవసరం లేదు. వడ్లలో 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో బస్తా దించరు. పత్తిలో 8 దాటిన ప్రతి శాతానికీ ధర తగ్గుతుంది, 12 దాటితే భారత పత్తి సంస్థ కొనదు. తేమ కొలిచే యంత్రం ముందు నిలబడి వాదించిన రైతు అదే సాయంత్రం ఇంటికి వచ్చి అప్పుడే నరికిన తుమ్మ కొమ్మను పొయ్యిలో పెడతాడు. పచ్చికట్టె బరువులో సగం వరకు నీరే. నీడలో గాలికి బాగా ఆరిన కట్టెలో 15 నుంచి 20 శాతం మాత్రమే ఉంటుంది. విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా వేసి చూడవచ్చు. తేమ లేని కట్టె కిలోకు సుమారు 18 మెగాజౌళ్ల వేడి ఇస్తుంది. నీటిని వేడిచేసి ఆవిరిగా మార్చడానికి కిలోకు సుమారు 2.5 మెగాజౌళ్లు ఖర్చవుతాయి. సగం నీరున్న 10 కిలోల పచ్చికట్టెలో అసలు కట్టె 5 కిలోలే. దాని వేడి 90. నీటిని ఆవిరి చేయడానికి 12.5 పోగా మిగిలేది 77.5. 15 శాతం తేమ గల 10 కిలోల ఎండుకట్టె ఇదే లెక్కన దాదాపు 149 ఇస్తుంది. బరువు ఒకటే, మోసిన శ్రమ ఒకటే, వేడి మాత్రం సగం.

నష్టం వేడితో ఆగదు. నీరు ఆవిరవుతున్నంత సేపు పొయ్యిలో ఉష్ణోగ్రత పెరగదు. కట్టె నుండి వెలువడే వాయువులు పూర్తిగా మండక పొగగా, మసిగా, కార్బన్ మోనాక్సైడుగా బయటికి వస్తాయి. పొగగొట్టం ఉంటే దాని చల్లని గోడలకు ఇదే పొగ జిగురుగా పేరుకుంటుంది. ఆ జిగురు ఒకనాడు అంటుకుంటే మంట కప్పు మధ్యలో పుడుతుంది, దానిని ఆర్పడం పొయ్యిని ఆర్పినంత సులభం కాదు. కాబట్టి వంటచెరకును వేసవిలోనే చీల్చి, నేలకు తగలకుండా రాళ్ల మీద లేదా మొద్దుల మీద పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కల నుండి గాలి ఆడనివ్వాలి. పట్టా చుట్టూ బిగించి కడితే లోపల తేమ నిలుస్తుంది. ఆరిన కట్టె చివర పగుళ్లు తేలుతుంది, బెరడు వదులవుతుంది, రెండు ముక్కలు కొట్టి చూస్తే గట్టి శబ్దం వస్తుంది. అంతకంటే నిశ్చయంగా తెలుసుకోవాలంటే ఒక ముక్కను గుర్తుపెట్టి వారానికి ఒకసారి తూచాలి. బరువు తగ్గడం ఆగిన నాడు కట్టె సిద్ధమైనట్లు. ఈ చిన్న ప్రదర్శనకు కావలసింది ఒక త్రాసు మాత్రమే.

పత్తికట్టె విషయంలో విస్తరణ వ్యవస్థ తనతో తానే విభేదిస్తున్నది. గులాబీ రంగు పురుగు నివారణకు పంటను డిసెంబరు, జనవరి నాటికి ముగించి, మోళ్లు పీకి, కట్టెను పొలం దగ్గర, ఇంటి దగ్గర కుప్ప వేయరాదని సిఫారసు చేస్తారు. విడవని ఎండుకాయలలో పురుగు నిద్రావస్థలో ఉండి తరువాతి పంటకు చేరుతుంది కనుక ఆ సిఫారసు సరైనదే. కానీ జనగామ మెట్ట గ్రామంలో ఆ కట్టే ఆరు నెలల వంటచెరకు. వేయవద్దని చెప్పి వెళ్లిన అధికారి వెనుకనే కుప్ప లేస్తుంది. సిఫారసు పాటించలేదని రైతును నిందించే కంటే రెండు అవసరాలనూ కలిపి సలహా ఇవ్వడం వివేకం: కుప్ప వేసేముందు కట్టె మీది కాయలన్నీ దులిపి కాల్చివేయాలి, కట్టెను మూరెడు ముక్కలుగా నరికి ఇంటికి దూరంగా పేర్చాలి, పచ్చికట్టెలా దాచుకోకుండా తొలకరి విత్తనానికి ముందే వాడి ముగించాలి. ముక్కలుగా నరకడంలో మరో ప్రయోజనం కూడా ఉంది. పొడవైన పత్తికట్టెలో సగం పొయ్యి బయటే ఉంటుంది. మంట దాని వెంట పాకి నోటి బయటికి వస్తుంది. నడిచే పిల్లల కాలు తగిలితే మండుతున్న కొస ఇంట్లోకి పడుతుంది. పైగా సన్నని కట్టె నిమిషాల్లో కాలిపోతుంది కాబట్టి వంట చేసే స్త్రీ పొయ్యి విడిచి లేవలేదు. పంట వ్యర్థాలతో వండే ఇంట్లో పొగ ఎక్కువ పీల్చడానికి ఇంధనంలోని పొగ ఒక కారణమైతే, ఈ నిరంతర కాపలా మరో కారణం.

మంట వెలిగించే తీరు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పొయ్యి అడుగున బూడిద తీసి, ఇనుప చువ్వల జాలీ వేసి, కింది నుండి గాలి అందేట్లు చేసి, సన్నని పుల్లలతో చిన్న మంట లేపి, ఆ తరువాతే లావు కట్టె పెట్టాలి. పొయ్యి నిండా కట్టె కుక్కితే మంట పెరగదు, పొగ పెరుగుతుంది. రేషన్ కిరోసిన్ దొరకని ఈ కాలంలో మోటారు సైకిలు నుండి తీసిన పెట్రోలు చల్లడం కొన్నిచోట్ల అలవాటవుతున్నది. పెట్రోలు ఆవిరి నిప్పు చూపకముందే చుట్టూ వ్యాపిస్తుంది, వెలిగించిన చేతిని, చీరను ఒకేసారి అంటుకుంటుంది. నైలాన్, పాలిస్టర్ వస్త్రాలు కరిగి చర్మానికి అతుక్కుంటాయి కనుక పొయ్యి దగ్గర నూలు చీర, బిగించిన కొంగు మేలు. పాత డ్రిప్ పైపులు, మల్చింగ్ పట్టాలు, పురుగుమందు డబ్బాలు, రంగు వేసిన చెక్క వంట మంటలో వేయడం మానిపించాలి. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు వెలువడతాయి. పురుగుమందు డబ్బాను మూడుసార్లు కడిగి నలగగొట్టాలని చెప్పే శిక్షణలోనే దానిని పొయ్యిలో వేయరాదని కూడా ఒక వాక్యం చేర్చవచ్చు.

అందరూ చూస్తూ కూడా గుర్తించని ప్రమాదం మరొకటి ఉంది. గ్యాసు వచ్చిన తరువాత కట్టెల పొయ్యి, సిలిండరు ఒకే గదిలో ఉన్న ఇళ్లు ఉన్నాయి. వంటగ్యాసు గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీద పారుతుంది. గ్యాసు స్టవ్ గట్టు మీద ఉంటే కట్టెల పొయ్యి నేల మీదే ఉంటుంది. అంటే గ్యాసు పారే దారిలో నిప్పు సిద్ధంగా ఉన్నట్లే. లీకును పసిగట్టడానికి గ్యాసులో కలిపే దుర్వాసన కట్టెల పొగ కమ్మిన గదిలో ముక్కుకు త్వరగా తెలియదు. రెండింటినీ ఒకే కప్పు కింద ఉంచరాదన్న నియమం ఇంటింటికీ చేరవలసింది. విడి గది లేని ఇంట్లో కట్టెల పొయ్యినే బయటికి, మూడు వైపులా తెరిచి ఉన్న పందిరి కిందికి మార్చాలి. ఆ పందిరి తాటాకుదైతే పొయ్యికి పైన రేకు వేయాలి.

మహబూబాబాద్ జిల్లాలో పసుపు ఉడికించే కాలం వస్తే ఇంటి పొయ్యి పొలానికి చేరి అనేక రెట్లు పెద్దదవుతుంది. కేసముద్రం మార్కెట్‌కు చేరే పసుపు ధర నిర్ణయమయ్యేది కొంత ఈ పొయ్యి దగ్గరే. తవ్విన కొమ్ములను రెండు మూడు రోజులలోనే కడాయిలో నీరు మునిగేట్లు పోసి, నురుగు, తెల్లని ఆవిరి, ప్రత్యేకమైన వాసన వచ్చేవరకు, అంటే 45 నుంచి 60 నిమిషాలు ఉడికించాలన్నది సిఫారసు. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువ ఉడికితే ఎండిన కొమ్ము పెళుసవుతుంది. ఎగసిపడే మంటతో ఈ సమతూకం సాధ్యం కాదు. ఎండుకట్టెతో నిలకడగా నడిచే మంట కూలీకి భద్రత ఇస్తుంది, కొమ్ముకు రంగు ఇస్తుంది. భద్రత పాఠాన్ని నాణ్యత పాఠంలో కలిపి చెప్పడానికి ఇంతకంటే అనువైన సందర్భం విస్తరణ శాస్త్రవేత్తకు దొరకదు. మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు పసుపు శిక్షణలలో ఉడికించే పొయ్యికి ఒక పూట కేటాయించడం సముచితం.

ఆ పూటలో చెప్పవలసినవి పుస్తకంలో లేనివి. పొయ్యి నోరు గాలి వచ్చే వైపు ఉండాలి, అప్పుడు గాలి లోనికి పోతుంది, పొగ మనిషి మీదికి తిరగదు. ఎండాకాలం ఆరంభంలో మధ్యాహ్నం గాలి దిశ మారుతుంది కనుక ఉడికించే పని తెల్లవారుజామున మొదలుపెట్టి పదింటికి ముగించడం మంచిది. గడ్డివాము, మిరప కల్లం గాలివాటున ఉండరాదు. నిప్పురవ్వ ఎంత దూరం ఎగురుతుందో గాలి చెబుతుంది, టేపు చెప్పదు. కడాయి అంచు నేలకు సమంగా ఉంటే చీకట్లో కాలు జారిన మనిషి మరిగే నీటిలో పడతాడు. మోకాలి ఎత్తు గోడ కట్టడం ఒక రోజు పని. ఉడికిన కొమ్ములను పారలతో తోడకుండా రంధ్రాల తొట్టిని ఇద్దరు ఎత్తేట్లు అమర్చాలి. ఆవిరి బాయిలర్లు వాడేవారు ఒత్తిడి సూచిక, భద్రతా కవాటం పనిచేస్తున్నాయో లేదో ప్రతి ఉదయం చూడాలి. ఆవిరి కారుతున్నదని భద్రతా కవాటాన్ని బిగించి కట్టడం పీపాను బాంబుగా మార్చడంతో సమానం. నీటి మట్టం పడిపోయి ఎర్రగా కాలిన బాయిలరులో చన్నీళ్లు పోయడమూ అంతే.

స్నానపు నీళ్లు కాచే రాగి బాయిలరుకు కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. మధ్యలో నిప్పుగొట్టం, చుట్టూ నీరు ఉండే ఆ పాత్ర నీరు లేకుండా వెలిగిస్తే అతుకులు విడిపోతాయి. మూత గట్టిగా బిగిస్తే ఆవిరికి దారి ఉండదు. దానిని తలుపు మూసిన స్నానాల గదిలో పెట్టడం అన్నింటికంటే పెద్ద పొరపాటు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబినుతో అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గాఢంగా బంధిస్తుంది. తలనొప్పి, మత్తు, వాంతి వచ్చినట్లుండి మనిషి లేవలేని స్థితికి చేరతాడు. పొగ వచ్చే మంట కంటే పొగ లేని నిప్పులు నిరపాయమన్న నమ్మకం ఇక్కడ ప్రాణాంతకం. చలికాలంలో భూపాలపల్లి అటవీ గ్రామాలలో రాత్రి తలుపులు బిగించి కుంపటి పెట్టుకునే కుటుంబాలకు, బాలింత మంచం కింద నిప్పులు పెట్టే పెద్దలకు ఈ విషయం చెప్పవలసింది ఆశా కార్యకర్త మాత్రమే కాదు. బొగ్గు గనుల ప్రాంతంలో కట్టెతో పాటు బొగ్గు పెళ్లలు కుంపటిలో వేసే చోట ప్రమాదం మరింత ఎక్కువ. అలవాటును ఎగతాళి చేయనవసరం లేదు. తల్లికి, బిడ్డకు వెచ్చదనం కావాలన్న ఉద్దేశం మంచిదే. కుంపటిని బయట ఉంచి వేడినీళ్ల సీసా, దుప్పటి లోపలికి తేవాలని నచ్చచెప్పాలి.

బూడిద గురించి తెలుగువారికి ఒక మాట ఉండనే ఉంది: నివురుగప్పిన నిప్పు. పైకి చల్లారినట్లు కనిపించే బూడిదలో నిప్పుకణికలు మరునాటి వరకు బతికి ఉంటాయి. తెల్లవారి పొయ్యి ఊడ్చి ఆ బూడిదను పెంటకుప్ప మీద పోస్తారు. పెంటకుప్ప పక్కన గడ్డివాము ఉంటుంది. మధ్యాహ్నం గాలి లేస్తుంది. బూడిదను మూతగల ఇనుప పాత్రలో, నేల మీద, రెండు మూడు రోజులు ఉంచి నీళ్లు చల్లిన తరువాతే బయట వేయాలి. వ్యవసాయ శాస్త్రవేత్త ఇక్కడ తన సొంత విషయమూ చేర్చవచ్చు. కట్టె బూడిదలో పొటాష్, కాల్షియం ఉంటాయి, క్షారగుణం కూడా ఉంటుంది. ఆమ్లత గల ఎర్ర చల్కలో అది మేలు చేస్తుంది, చౌడు ఛాయలున్న నేలలో చేయదు. యూరియా, అమ్మోనియా ఎరువులతో కలిపి చల్లితే నత్రజని గాలిలో కలిసిపోతుంది. ప్లాస్టిక్, రంగు చెక్క కాల్చిన బూడిద కూరగాయల మడిలో వేయరాదు. విలువ తెలిసిన వస్తువును మనిషి జాగ్రత్తగా దాచుకుంటాడు. బూడిదను ఎరువుగా చూపితే మూతగల పాత్ర తనంతట తానే వస్తుంది.

కాలిన గాయానికి చన్నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయడమే మొదటి చికిత్స. పసుపు, సిరా, టూత్‌పేస్టు, కోడిగుడ్డు సొన పూయరాదు. పసుపు పండించే జిల్లాలో పసుపు పూయవద్దని చెప్పడం కష్టమే అయినా చెప్పక తప్పదు. గాయం అరచేతి కంటే పెద్దదైతే 108కి ఫోను చేయాలి.

ఈ వాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. కట్టెల పొయ్యిని భద్రంగా నడపడం నేర్పితే అది ఇంకా నిలుస్తుందని, శుద్ధ ఇంధనం వైపు మారడం ఆలస్యమవుతుందని ప్రజారోగ్య నిపుణులు అంటారు. వారి ఆందోళనకు ఆధారం ఉంది. గ్వాటిమాలాలో జరిగిన ప్రయోగంలో పొగగొట్టం గల పొయ్యి పిల్లలకు చేరే పొగను దాదాపు సగానికి తగ్గించింది. అయినా మొత్తం న్యుమోనియా కేసులలో గణాంకపరంగా స్పష్టమైన తగ్గుదల కనిపించలేదు. తీవ్రమైన న్యుమోనియా మాత్రం తగ్గిందని 2011లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. అంటే మెరుగైన కట్టెల పొయ్యి గ్యాసుకు సమానం కాదు. గర్భిణి, పసిబిడ్డ ఉన్న ఇంట్లో నిత్య వంట గ్యాసు మీదే జరగాలనడంలో రాజీ ఉండరాదు. కానీ పసుపు కడాయి గ్యాసు మీద ఎక్కదు. పశువుల దాణా కోసం ఎవరూ సిలిండరు వాడరు. అడవి గూడెంలో సిలిండరు నింపించడానికి ఒక రోజు కూలీ పోతుంది. ఈ పొయ్యిలు ఉంటాయని తెలిసీ వాటి గురించి మౌనం పాటించడం వాటిని తగ్గించదు, వాటి ముందు కూర్చున్నవారిని ఒంటరిని చేస్తుంది. పురుగుమందుల వాడకం తగ్గించాలని కోరుతూనే చేతి తొడుగులు, ముఖ కవచం గురించి చెప్పడం ఏ శాస్త్రవేత్తకూ వైరుధ్యంగా తోచలేదు కదా.

దీనికి కొత్త పథకం గాని, కొత్త నిధులు గాని ఎదురుచూడనవసరం లేదు. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు ఉన్నాయి. మార్చిలో పత్తికట్టె తీసే రోజులలో కట్టె నిల్వ గురించి, పసుపు తవ్వకం ముందు కడాయి గురించి, కార్తీకంలో కుంపటి గురించి అక్కడ ఒక్కొక్క గంట మాట్లాడవచ్చు. ఆ సమావేశానికి పొయ్యి నడిపే స్త్రీలు రాకపోతే మాత్రం అది వృథా. రైతు అంటే పట్టా పుస్తకంలో పేరున్న పురుషుడన్న అలవాటు ఈ విషయంలో మొదటి అడ్డంకి. సైఫాబాద్‌లోని సామాజిక విజ్ఞాన కళాశాల వ్యవసాయ మహిళల శ్రమ తగ్గించే పరిశోధన చేసింది. సేద్య శాస్త్ర విభాగాలు ఆ పరిశోధనను తమ సిఫారసులతో కలిపి చూడటం ఇంకా మొదలుకావలసి ఉంది.

గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం కింద నెలల తరబడి పల్లెలలో ఉండే విద్యార్థులకు ఒక సాధారణ పత్రం ఇవ్వవచ్చు. తాము ఉంటున్న వాడలో ప్రతి ఇంటి పొయ్యిలు ఎన్ని, ఏ గదిలో, కప్పు దేనితో వేసింది, సిలిండరుకు ఎన్ని అడుగుల దూరం, ఏ నెలలో ఏ పంట కట్టె, ఆ కట్టె తేమ ఎంత, పొయ్యి ముందు రోజుకు ఎన్ని గంటలు ఎవరు కూర్చున్నారు, పక్క గదిలో మంచం మీద ఎవరున్నారు, గత సంవత్సరం ఎవరికైనా కాలిందా, బూడిద ఎక్కడ పోస్తున్నారు. జనగామలో ఒక వాడ, మహబూబాబాద్‌లో ఒక పసుపు గ్రామం, భూపాలపల్లిలో ఒక గూడెం. ఈ మూడు చోట్ల ఒక సంవత్సరం సేకరించిన సమాచారం వచ్చే సంవత్సరపు సిఫారసుల పుస్తకంలో ఒక పేజీకి సరిపోతుంది.